ఎదుటి కొండ మీది చప్పుడు

యాకోబ్ పండుగ నాడు చర్చిలో మధ్యాహ్నం గంట మోగి ఆగింది. సెవెరిన్ సూపు చెంచా నోటి దాకా తెచ్చి ఆపేశాడు. ఎదుటి కొండ మీద కొత్త గాలిమర మోగుతోంది.

మామూలు టకటక కాదది. టకటక అన్న మాట పచ్చి చెక్కకు సరిపోతుంది. ఇది తలుపు తట్టి, తీసేదాకా ఓపిగ్గా నిలబడ్డ మనిషి చప్పుడులా ఉంది.

చాలా బాగుంది. అందుకే అతనికి నచ్చలేదు.

దక్షిణ స్టిరియా కొండల్లో ద్రాక్ష రంగు తిరగకముందే, జులై నెలాఖరులో, యాకోబ్ పండుగ నాడు తోటకొక గాలిమర నిలబెడతారు. గాలికి రెక్కలు తిరిగితే ఇరుసుకు ఉన్న చెక్క సుత్తులు పలక మీద పడతాయి. ఆ మోతకు గోరింకలు వేరే తోట చూసుకుంటాయి. నవంబరులో మార్టిన్ పండుగకు మళ్లీ దింపేస్తారు. ఏ చప్పుడు ఏ కొండదో ఆ లోయలో అందరూ కళ్లు మూసుకుని చెప్తారు. సెవెరిన్ పలక ఏ చెక్కో కూడా చెప్తాడు. తోట పని లేని చలికాలంలో చుట్టుపక్కలవాళ్లకు మరలు చేసి పెట్టేది అతనే.

ఈ కొత్త పలక చెర్రీ. ఏళ్ల తరబడి నీడన ఆరిన చెర్రీ. అతని చేతి పని కాదు.

కిటికీ దగ్గరికి వెళ్లి చూశాడు. లోయ అవతల, రోస్వితా తోట నెత్తిన, పొడవాటి గుంజ మీద రెక్కలు ఎండలో తిరుగుతున్నాయి. నిచ్చెన మీంచి ఒక మనిషి దిగుతున్నాడు. నీలం చొక్కా. ఆ లోయలో అంత శుభ్రమైన నీలం చొక్కా ఒక్కడికే ఉంది.

"లాంబెర్ట్ ఎక్కాడు," అన్నాడు సెవెరిన్.

అతని తల్లి ట్రూడి రొట్టె కోస్తూ తల ఎత్తలేదు. "ఎవరో ఒకరు ఎక్కాలిగా. మర దానంతట అది ఎక్కదు," అంది.

పైన కట్టిన తాడు విప్పి రెక్కలను గాలికి వదిలేది ఆ ఇంటి మగవాడు. లేదా ఆ ఇంటివాళ్లు తమవాడు అనుకున్నవాడు. రోస్వితా తండ్రి అలోయిస్ బతికినన్నాళ్లూ తానే ఎక్కేవాడు. మోకాళ్లు మొరాయించాక కింద నిలబడి, "తాడు లాగకురా, విప్పు. లాగితే ముడి బిగుస్తుంది," అని అరుస్తూ సెవెరిన్‌ను ఎక్కించేవాడు. ఈ ఫిబ్రవరిలో, కొవ్వొత్తుల పండుగ మర్నాడు, అలోయిస్ నేలమాళిగలో పీపాల మధ్య కూర్చుని, కూర్చున్నట్టే పోయాడు. ఆయన టోపీ ఇంకా ఆ ఇంటి గుమ్మం పక్కన మేకుకే ఉందని, రోస్వితా దాన్ని కదపనివ్వడం లేదని ట్రూడి ఒకసారి చెప్పింది. అంతకుమించి ఆ సంగతి తల్లీకొడుకులు మాట్లాడుకోలేదు.

పండుగ దగ్గర పడుతోందని సెవెరిన్ ముందుగానే తాడు ఉతికి ఆరేశాడు. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటీ తొక్కి చూసుకున్నాడు. ఆదివారం చర్చి బయట రోస్వితా ఎదురైతే ఇద్దరూ వాన గురించి మాట్లాడుకున్నారు. మర మాట ఆమె ఎత్తలేదు. పిలుస్తుందిలే అనుకున్నాడు. ఈ ఉదయం తన మర వదిలి వచ్చి కూడా, వాకిట్లోనే తచ్చాడుతూ, పిలుస్తుందిలే అనుకున్నాడు.

పిలుపు రాలేదు. నీలం చొక్కా ఎక్కింది.

లాంబెర్ట్ డాన్యూబ్ ఒడ్డువాడు. తోట, నేలమాళిగ రెండూ ఒక్కతే చూసుకోలేక రోస్వితా ఏప్రిల్‌లో పనికి పెట్టుకున్న మనిషి. పొడగరి, నెమ్మదస్తుడు. పీపాల పని తెలిసినవాడు. ముసలివాళ్లకు కుర్చీ జరిపి కూర్చోబెడతాడు. తిట్టుకుందామంటే ఒక్క చెడ్డ అలవాటైనా దొరకని మనిషి మీద అసూయపడడం చాలా కష్టం. సెవెరిన్ ఆ కష్టం పడుతున్నాడు.

ఆ సాయంత్రం వెళ్లకూడదనుకుని వెళ్లాడు. గుమ్మానికి ఫిర్ కొమ్మ వేలాడితే ఆ ఇంట్లో సొంత వైన్ పోస్తున్నారని అర్థం. రోస్వితా గుమ్మానికి మే నెల నుంచే కొమ్మ ఉంది. వాల్‌నట్ చెట్టు కింద బల్లలు నిండుగా ఉన్నాయి. ఆమె భుజం మీద తుడుపుగుడ్డతో వచ్చి నిలబడింది.

"ఏం తెమ్మంటారు?"

పాకే వయసు నుంచి నువ్వు అన్న నోరు.

"రోస్వితా, నేను సెవెరిన్‌ని."

"తెలుసు. ఎదుటి కొండాయన. ఏం తెమ్మంటారు?"

అతను ఒక గ్లాసు వైన్, రొట్టె, దాని మీదికి నూరిన పందికొవ్వు తెమ్మన్నాడు. తెచ్చి పెట్టి వెళ్లబోతుంటే ఆపడానికి ఏదో ఒకటి అనాలని, "మర బాగా మోగుతోంది," అన్నాడు.

"గోరింకలు కూడా అదే అనుకున్నాయి. అన్నీ కట్టగట్టుకుని మీ తోటకు వచ్చాయట."

"పలక చెర్రీ కదూ."

"అవును."

"ఈ లోయలో ఎవరి దగ్గరా అంత బాగా ఆరిన చెర్రీ లేదు. నాకు తెలియకుండా ఉండదు. చాలా దూరం నించి వచ్చిన చెక్కలా ఉంది." అంటూ లాంబెర్ట్ ఉన్న వైపు చూశాడు.

రోస్వితా అతన్ని చాలాసేపు చూసింది. నవ్వబోయి మానుకున్నట్టుంది.

"చాలా దూరం నించే వచ్చింది," అంది.

అంతలో లాంబెర్ట్ చేతిలో పళ్లేలతో అటు వచ్చి, తనకు ఎత్తంటే భయమని, పైన కాళ్లు వణికాయని, సెవెరిన్‌లాంటి వాళ్లు ఎలా ఎక్కుతారో తెలియదని మర్యాదగా చెప్పాడు. డాన్యూబ్ నీళ్లు తాగిన కాళ్లకు పడవలే నయమని సెవెరిన్ అన్నాడు. పక్క బల్ల దగ్గరి ముసలివాళ్లు నవ్వారు. లాంబెర్ట్ కూడా నవ్వాడు. రోస్వితా నవ్వలేదు.

"కాళ్లు వణికినా ఎక్కాడు. వణకని కాళ్లవాళ్లు ఇంట్లో కూర్చున్నారు," అంది.

సెవెరిన్ సగం రొట్టె వదిలేసి లేచాడు. దారి పొడుగునా ఆ మాటకు జవాబులు వెతుక్కున్నాడు. మంచి జవాబు ఒకటి దొరికేసరికి సొంత ఇంటి గుమ్మం వచ్చింది.

ఆగస్టులో ఉత్తరాలు పంచే హెర్మీనె సైకిలు గోడకు ఆనించి, నీళ్లు తాగి, ట్రూడికి ఒక కబురు చెప్పింది. లాంబెర్ట్ రోస్వితాను పెళ్లి చేసుకుంటానని అడిగాడట. డాన్యూబ్ ఒడ్డుకు వచ్చెయ్యమన్నాడట. మార్టిన్ పండుగకు తేలిపోతుందట. ఆమె కాదంటే అతను వెళ్లిపోతాడు. అవునంటే ఇద్దరూ వెళ్లిపోతారు, అలోయిస్ తోట ఎవరికో కౌలుకు పోతుంది.

సెవెరిన్ ఆ సమయంలో కొట్టంలో కొడవలి నూరుతున్నాడు. నూరుడు చప్పుడు ఆగింది. తర్వాత చాలాసేపు మళ్లీ మొదలవలేదు.

మర్నాడు అతను తన మర దింపి సుత్తులు మార్చాడు. పాతవి తీసి, బీచ్ కర్రతో దాదాపు రెట్టింపు బరువున్నవి చేసి బిగించాడు. గోరింకలు ఈ ఏడు మొండికేశాయన్నాడు తల్లితో. ఏ గోరింక అని ట్రూడి అడగలేదు. చెవుల్లో దూది పెట్టుకుంది.

ఆ నెలంతా లోయలో రెండు మరల పోట్లాట. దక్షిణం గాలి వీస్తే చాలు, సెవెరిన్ కొండ మీద నుంచి కమ్మరి కొలిమి లేచి వచ్చినట్టుండేది. ఆదివారం పాదిరి గారు ప్రసంగం మధ్యలో కిటికీ మూయించి, దేవుడికి వినికిడి బాగానే ఉందని, ఎవరూ అంత గట్టిగా తట్టనక్కర్లేదని అన్నారు. అందరూ సెవెరిన్ వైపు చూశారు. రోస్వితా మాత్రం పాటల పుస్తకంలోకి చూస్తూ పెదవి కొరుక్కుంది.

ఎదుటి చప్పుడు వినకూడదని మోత పెంచాడు. కానీ రెండు దెబ్బల మధ్య సందులో అదే వినబడేది. తట్టి, ఆగి, తట్టే ఆ చెర్రీ చప్పుడు. ఆ చెక్క ముక్క కోసం లాంబెర్ట్ ఏ మేనమామను బతిమాలి ఉంటాడో, దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చి ఉంటాడో, ఆమె అందుకుని ఏమని ఉంటుందో, అన్నీ ఊహించుకున్నాడు. కడుపులో కుంపటి పెట్టుకున్నవాడికి నిప్పు ఇంకెవరూ అందించనక్కర్లేదు.

ఒకరోజు తోటలో ద్రాక్ష తీగల ఆకులు తుంచుతూ ఎదుటి వాకిలి వైపు చూశాడు. బట్టల తీగ మీద రోస్వితా తెల్ల ఏప్రన్, దాని పక్కన నీలం చొక్కా ఆరుతున్నాయి. గాలికి చొక్కా చెయ్యి లేచి ఏప్రన్ భుజం మీద పడింది. సెవెరిన్ ఆ పూట గాలిని కూడా క్షమించలేదు.

సెప్టెంబరు మొదట్లో అతని పలక పగిలింది. బరువు సుత్తుల దెబ్బకు నిలువునా చీలి, ఒక ముక్క ద్రాక్ష వరుసల్లో పడింది. కొండ మూగబోయింది. సాయంత్రానికల్లా గోరింకల గుంపు వచ్చి అన్నిటికంటే ముందు పండే మస్కట్ ద్రాక్ష వరుసల మీద వాలింది. సెవెరిన్ డబ్బా వాయిస్తూ వరుసల వెంట పరిగెత్తాడు. ఇటు లేపితే అటు వాలాయి.

అలసిపోయి ఇంటికి వచ్చి కూర్చుంటే ట్రూడి ఎదురుగా కూర్చుంది. చెవుల్లోంచి దూది తీసి బల్ల మీద పెట్టింది.

"మంచిదైంది. ఇప్పుడైనా నా మాట వినబడుతుంది. మే నెల నుంచి ఎన్నిసార్లు వెళ్లావు రా ఆ ఇంటికి?"

"చాలాసార్లు."

"గుమ్మానికి కట్టిన కొమ్మకు రిబ్బను ఉందా?"

సెవెరిన్ ఆలోచించాడు. వాకిలి గుర్తొచ్చింది, బల్లలు గుర్తొచ్చాయి. లాంబెర్ట్ ఏ కుర్చీలో కూర్చుంటాడో, ఏ చేత్తో గ్లాసు పట్టుకుంటాడో అన్నీ గుర్తొచ్చాయి. రిబ్బను గుర్తు రాలేదు.

"లేదు," అంది ట్రూడి. "ఉత్త కొమ్మ. రిబ్బను లేని కొమ్మ ఎలాంటి ఇంటికి కడతారు?"

ఆ లోయలో పసిపిల్లలకు కూడా తెలుసు. చావు జరిగిన ఇంటివాళ్లు వైన్ అమ్ముకోక తప్పదు కనుక కొమ్మ కడతారు. ఏడాది తిరిగేదాకా రిబ్బను కట్టరు. ఆ ఏడాదంతా ఎవరినీ దేనికీ పిలవరు, కోతకూ పిలవరు, మరకూ పిలవరు. రావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.

"కొమ్మ కట్టింది, జనం వస్తున్నారు, నవ్వుతోంది. ఇంక అంతా మామూలే అనుకున్నాను," అన్నాడు చివరికి.

"మీ నాన్న పోయిన ఏడు కోతకు అలోయిస్‌ను నేను పిలిచానా? తెల్లారి తలుపు తీసేసరికి గంప పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒక్క మాట అడగలేదు. ఏ వరుస నించి మొదలెట్టాలని మాత్రం అడిగాడు."

సెవెరిన్ చీలిన పలక ముక్కను చేతుల్లో తిప్పాడు. "ముందే చెప్పొచ్చుగా అమ్మా."

"చెప్తే నేను పంపినట్టుంటుంది. నువ్వు వెళ్లినట్టుండదు." ట్రూడి లేచి దీపం దగ్గరికి జరిపింది. "ఆ పిల్ల దారి చూసి చూసి మధ్యాహ్నం గంట కొట్టాక గానీ మర వదల్లేదు. అందరూ పొద్దున్నే వదిలితే ఆ ఇంట్లో అంత ఆలస్యం ఎందుకైందని నీ చెవికి తోచలేదా? ఏ చెక్కో తెలిసింది గానీ."

మర్నాడు ఉదయం అతను లోయ దాటాడు. చేతుల్లో ఏమీ లేవు. ఏం తీసుకెళ్లాలో తెలియలేదు.

వాకిట్లో లాంబెర్ట్ పీపాలు కడుగుతున్నాడు. సెవెరిన్‌ను చూసి నీళ్లు ఆపి, చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు. చూస్తే ఆ చొక్కా అంత శుభ్రంగా ఏమీ లేదు.

"మీ మర ఆగిపోయిందే," అన్నాడు.

"పలక పగిలింది. మీ చెర్రీలాంటిది నా దగ్గర లేదు."

"నాదా?" లాంబెర్ట్ తల అడ్డంగా ఊపాడు. ఆ చెక్క ఎక్కడిదో తనకు తెలియదన్నాడు. జూన్ నెలంతా ఆమె ద్రాక్ష గానుగ కొట్టంలో తలుపేసుకుని తానే చెక్కిందని, చేతులు బొబ్బలెక్కినా తనను సుత్తి ముట్టనివ్వలేదని చెప్పాడు. పండుగ పొద్దున బల్ల మీద ఒక కప్పు ఎక్కువ పెట్టిందట. అది ఎవరికని అడిగితే వినబడనట్టు ఊరుకుందట. గంట కొట్టాక ఆ కప్పు తీసి అలమారలో పెట్టి, మీరు ఎక్కుతారా అని తనను అడిగిందట.

సెవెరిన్ బూట్ల వైపు చూసుకున్నాడు.

"మీకు తెలియదు గానీ, మీ మీద నాకు చాలా కుళ్లు," అన్నాడు లాంబెర్ట్ మామూలు గొంతుతో. "ఎదుటి కొండ మోగితే చాలు, ఆవిడ చేసే పని ఆపి వింటుంది. మీరు సుత్తులు మార్చినప్పుడు నాకు తలనొప్పి వచ్చింది, ఆవిడకు నవ్వొచ్చింది. నిన్న మీ మర ఆగింది. ఆవిడ భోజనం ముందు కూర్చుని, ముట్టుకోకుండా లేచిపోయింది. నేను ఎంత బాగా పని చేసినా ఆ తలుపు నాకు తెరుచుకోదని అర్థమవుతోంది."

"మీరు అడిగారటగా."

"అడిగాను."

"ఏమంది?"

"అది ఆవిడను అడగండి," అని లాంబెర్ట్ మళ్లీ నీళ్లు వదిలాడు.

గానుగ కొట్టం అటక మీంచి రోస్వితా వెనక్కి తిరిగి మెట్లు దిగుతోంది. గోనెసంచిలో చుట్టిన ఏదో బరువు ఆమె భుజం మీద ఉంది. జుట్టు నిండా దుమ్ము. కింద కాలు పెట్టి, ఇటు తిరిగి, అతన్ని చూసి ఆగింది.

"ఎవరు పిలిచారు నిన్ను?"

మీరు పోయి నువ్వు వచ్చిందని అతను గమనించాడు. గమనించనట్టు నిలబడ్డాడు.

"ఎవరూ పిలవలేదు. యాకోబ్ పండుగకు వచ్చాను."

"ఇది సెప్టెంబరు."

"తెలుసు."

ఆమె భుజం మీది బరువు సర్దుకుంది. క్షమించమనే మాట గొంతు దాకా వచ్చి, అక్కడ చాలా చిన్నదిగా తోచి ఆగిపోయింది. "కొమ్మకు రిబ్బను లేదని చూడలేదు, రోస్వితా. గుమ్మంలో నిలబడి కూడా చూడలేదు. వేరే ఏదో చూస్తూ ఉన్నాను," అన్నాడు.

"నీలం చొక్కా," అంది ఆమె.

"అవును."

"నువ్వు అలా చూస్తూ ఉంటే అతను పాపం రొట్టె మింగలేకపోయేవాడు." భుజం మీది బరువు దించి గోడకు ఆనించింది. "ఇది నేనే తీసుకొద్దామనుకున్నాను. మా ఇంటివాళ్లు ఎవరినీ పిలవకూడదు గానీ, వెళ్లకూడదని ఎవరూ అనలేదు."

గోనెసంచి విప్పింది. చెర్రీ పలక. తేనె రంగు తిరిగి, చేత్తో తాకితే చల్లగా ఉంది. సెవెరిన్ వేలి కణుపుతో ఒకసారి తట్టాడు. తట్టగానే తల ఎత్తి కొండ నెత్తి వైపు చూశాడు. అక్కడ మోగుతున్న చప్పుడే.

"దానికి జోడీ ఇది. ఒకే మొద్దు," అంది రోస్వితా. "ఇటు తిప్పి చూడు."

తిప్పాడు. ఒక అంచున చెక్క నొక్కుకుపోయి, నల్లటి గాడి పడి ఉంది. తాడు ఏళ్ల తరబడి ఒరుసుకున్న గాడి. అతని వేలు దాని మీద ఆగిపోయింది. ఆ తాడును అతను ఎరుగును. ఆ తాడుకు కట్టిన ఉయ్యాల బల్ల మీద ఒకరిని ఒకరు తోసుకుని, వంతుల కోసం పోట్లాడుకుని, ఇద్దరూ మోకాళ్లు చెక్కుకున్నారు. సెవెరిన్ వాళ్ల గేటు పక్కన ఉండే చెర్రీ చెట్టు. అతను బడి ముగించిన వేసవిలో పిడుగు పడి కూలింది. ఆ మొద్దును పొయ్యికి కొట్టేశారనే ఇన్నాళ్లూ అనుకున్నాడు.

"మీ అమ్మను అడిగి నాన్న బండి మీద తెచ్చాడు. రెండు పలకలు కోయించి అటక మీద పెట్టాడు. రెండు కొండలకు రెండు, తొందరేం లేదు, చెక్క ఆరనీ, పిల్లలు కూడా కొంచెం ఆరనీ అనేవాడు." ఆమె గొంతు అక్కడ తగ్గింది. "ఎప్పుడిద్దామని అడిగితే, వాడంతట వాడు వచ్చినప్పుడు అనేవాడు."

కొండ మీద మర తట్టి, ఆగి, తట్టింది.

"అయితే పైన మోగుతున్నది మా చెట్టే."

"చాలా దూరం నించి వచ్చింది. లోయ దాటి."

"నేను మా చెట్టు మీదే ఇన్నాళ్లూ..."

"కుళ్లుకున్నావు," అని రోస్వితా వాక్యం పూర్తి చేసింది. ఈసారి నవ్వు ఆపుకోలేదు. నవ్వుతూనే చెంపలు తుడుచుకుంది, దుమ్ము చారలు పడ్డాయి. "నేనేం తక్కువ తినలేదులే. నిరుడు చలికాలం ఆ లైబ్రరీ అమ్మాయికి గాలిమర చేసిచ్చావు. ఆమెకు తోట కూడా లేదు."

"బాల్కనీ ఉంది."

"బాల్కనీకి గోరింకలొస్తాయా?"

"చిన్న మర. ఇంతే," అని అరచెయ్యి చూపించాడు సెవెరిన్.

"ఎంతదైతేనేం," అంది ఆమె.

పలకకు చెరో వైపు పట్టుకుని ఇద్దరూ లోయ దాటారు. పాత సుత్తులు మళ్లీ బిగించి, మధ్యాహ్నానికి మర వదిలారు. ఆ రోజు నుంచి రెండు కొండలదీ ఒకటే చప్పుడు. ఏది ఎవరిదో తెలియక వాల్‌నట్ చెట్టు కింది ముసలివాళ్లు వాదులాడుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మావాడి జబ్బుకు అదే పనికొచ్చిందని ట్రూడి హెర్మీనెతో అంది.

కోతల కాలమంతా తెల్లారి రోస్వితా తలుపు తీసేసరికి సెవెరిన్ గంప పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. ఏ వరుస నించి అని మాత్రం అడిగేవాడు. లాంబెర్ట్‌తో కలిసి గానుగ తిప్పాడు, ఒకే గిన్నెలో రొట్టె ముంచుకు తిన్నాడు. అసూయ పోయిందా అంటే పోలేదు. ఆమె లాంబెర్ట్ పేరు పిలిచినప్పుడల్లా లోపల ఏదో చిన్న ముల్లు కదిలేది. మార్టిన్ పండుగకు తేలిపోతుందని హెర్మీనె చెప్పిన మాట అలాగే ఉంది. అడుగుదామని రోజూ అనుకున్నాడు. అడిగితే వచ్చే జవాబు తలుచుకుని రోజూ గంప ఎత్తుకున్నాడు.

మార్టిన్ పండుగ ఉదయం లోయ నిండా పొగమంచు. ఎవరూ పిలవకుండానే, కాఫీ కూడా తాగకుండా, సెవెరిన్ తాడు భుజాన వేసుకుని బయలుదేరాడు. రోస్వితా వాకిట్లో లాంబెర్ట్ కారు వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఒకటే పెట్టె. ఎవరి పెట్టె, ఇంకా రావలసిన పెట్టె ఉందా అని చూస్తూ నిలబడిపోయాడు.

లాంబెర్ట్ వచ్చి పెట్టె పక్కన నీలం చొక్కా మడతపెట్టి ఉంచాడు. తలుపు మూశాడు. సెవెరిన్ చెయ్యి పట్టుకుని ఊపాడు.

"కొత్త వైన్ బాగా కుదిరింది. చూసుకోండి," అన్నాడు. ఇంకేమీ అనలేదు. కారు మంచులోకి దిగి కనబడకుండా పోయింది.

రోస్వితా గుమ్మంలో నిలబడి ఉంది. కొండ నెత్తికి ఇద్దరూ నడిచారు. సెవెరిన్ నిచ్చెన వేసి ఎక్కాడు. రెక్కలు పట్టుకుని ఆపి, పలకను కట్టిన తాడు తడిసిన ముడి మీద చెయ్యి వేశాడు.

"తాడు లాగకు, విప్పు," అని కింద నుంచి వినబడింది. "లాగితే ముడి బిగుస్తుంది."

అతని చేతులు ఆగాయి. కింద ఆమె కూడా తన నోట వచ్చిన మాట విని ఆగిపోయింది. మంచులో ఎక్కడో ఇంకా దింపని మర ఒకటి మెల్లగా మోగుతోంది. కాసేపటికి సెవెరిన్ ముడి విప్పాడు. లాగలేదు.

పలక భుజాన వేసుకుని దిగాక అడిగాడు. "అతనికి ఈ రోజు చెప్పావా?"

"అడిగిన రోజే చెప్పాను. మార్టిన్ పండుగ దాకా అన్నది అతని కొలువు గడువు. జవాబు కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

"ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాడు సెవెరిన్. "అతని సంగతి కాదు."

జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి ఇచ్చాడు. ఆమె విప్పింది. వెడల్పాటి ఎర్ర రిబ్బను. ఫిర్ కొమ్మకు కట్టేది.

"ఫిబ్రవరి దాకా కట్టకూడదు," అంది రోస్వితా చాలా మెల్లగా.

"తెలుసు. కట్టమనడం లేదు. అప్పటిదాకా నీ దగ్గర ఉండనీ. ఏడాది తిరిగిన రోజు పొద్దున్నే వస్తాను. ఇద్దరం కడదాం."

ఆమె రిబ్బను వేలికి చుట్టుకుంది, విప్పింది. తిరిగి కిందికి నడిచింది. అతను పలక మోసుకుంటూ వెనకే నడిచాడు.

గుమ్మం దగ్గర ఆమె ఆగింది. మేకుకున్న తండ్రి టోపీని రెండు చేతులతో తీసింది. దుమ్ము దులపలేదు. రిబ్బను మడిచి ఆ మేకుకు తగిలించి, దాని మీద టోపీ మళ్లీ అలాగే పెట్టింది. అంచు కాస్త వంకరగా ఉంటే సర్దింది.

తర్వాత లోపలికి వెళ్లింది. రమ్మని పిలవలేదు. తలుపు మాత్రం వెయ్యలేదు.

బల్ల మీద రెండు కప్పులు ఉన్నాయి. సెవెరిన్ పలక గోడకు ఆనించి, బూట్ల మట్టి గడపకు రాసుకుని, లోపలికి వెళ్లాడు.